ఎత్తు చాలు, ఇంక వెనక బెంచీ సంగతి చూడండి

ఈసారి కూడా పొడుగు రాతే. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ ఆదివారం మీటింగుకు ముందరే చదవండి.

మన సంఘం జీపును ఇంకా రెండు అంగుళాలు ఎత్తు చెయ్యాలని కొందరు తమ్ముళ్ళు తీర్మానం పెట్టినారు. మేము దానికి ఒప్పుకోము. మేము అంటే ఎవరని అడగబోతారు. ఆ జీపులో వెనక బెంచీల మీద కూర్చునేవాళ్ళం. అరవై దాటినవాళ్ళం, మోకాళ్ళు పట్టేసినవాళ్ళం, అత్తిముగం నుంచి హొసూరు ఆస్పత్రికి పోయేవాళ్ళం, బిడ్డను ఒళ్ళో పెట్టుకొని ఒక చేత్తో కమ్మీ పట్టుకునేవాళ్ళం. స్టీరింగు పట్టేది ఒకరు, పక్కన కూర్చునేది ఒకరు, వెనక కూర్చునేది ఆరుగురు. ఓట్లు లెక్కపెడితే మాదే గెలుపు. అయితే ఓటుతో గెలిచేది మాకు వద్దు. కారణం చెప్పి ఒప్పించాలనే ఈ రాత.

కొత్తగా చేరిన సభ్యులకు బండి సంగతి కొంచెం చెప్పాల. ఇది పాతకాలం జీపు. ముందర రెండు, వెనక రెండు, నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే. మనకు ముందర దీన్ని పెట్టుకున్న ఆసామికి రాళ్ళ మీద బండి ఎక్కించే సరదా ఉండె. కమాన్లకు ఒక్కో పట్టా ఎక్కువ వేయించి, షాకిళ్ళు పొడుగు చేయించి, పెద్ద టైర్లు తొడిగించి ఎత్తు చేసుకున్నాడు. ముందర విన్చీ, లావు ఇనుప బంపరు కూడా ఉండె. మనం కొన్నాక విన్చీ విప్పి అమ్మేస్తిమి, బంపరు తీసేస్తిమి. బరువు దిగిపోయింది. ఆ బరువును మోసేదానికి వేసిన పట్టా మాత్రం అట్లనే ఉంది. బండి ఎందుకు కొడుతుందని అడిగితే మొదటి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం, ఇంజనీర్లం కాదు. కానీ గూడ్సు బండి పక్కన నిలబడి చెవులు పెట్టుకున్నవాళ్ళకు ఒక సంగతి తెలుసు. నిండు వ్యాగను పోయే సద్దు వేరే, ఖాళీ వ్యాగను పోయే సద్దు వేరే. నిండుది బరువుగా, నిదానంగా తూగుతా పోతుంది. ఖాళీది గడగడమని ఎగురుతా పోతుంది. పట్టాలు అవే, స్ప్రింగులూ అవే. యాభై అరవై టన్నులు మోయాలని పెట్టిన స్ప్రింగుకు ఖాళీ పెట్టె ఒక లెక్కా? అది వంగదు. స్ప్రింగు వంగకపోతే దెబ్బ నేరుగా పైకి వస్తుంది. మన జీపు ఈ పొద్దు ఖాళీ వ్యాగను మాదిరి.

లెక్క కావాలనేవాళ్ళకు లెక్క కూడా ఉంది. ఒకే మందం పట్టాలు ఐదు ఉన్న కమానుకు ఆరోది చేరిస్తే గట్టిదనం ఐదింట ఒక వంతు పెరుగుతుంది. చేర్చిన పట్టా మందమైనదైతే ఇంకా శానా పెరుగుతుంది, ఎందుకంటే పట్టా మందం రెండింతలైతే దాని గట్టిదనం ఎనిమిదింతలు అవుతుంది. మనుషులు ఎక్కే కారును సెకనుకు ఒకసారి, ఒకటిన్నర సార్లు మెల్లగా ఊగేటట్టు కడతారు. స్ప్రింగు గట్టిపడే కొద్దీ ఆ ఊగుడు వేగం పెరుగుతుంది. కూర్చున్న మనిషి ఒంటికి అస్సలు పట్టనిది సెకనుకు 4 నుంచి 8 సార్లు కిందికీ మీదికీ వచ్చే అదురు. వెన్ను, కడుపులోనివి ఆ వేగంలోనే ఎక్కువగా అదురుతాయి. ఒంటికి తగిలే అదురును కొలిచేదానికి ఐఎస్ఓ 2631 అని ఒక ప్రమాణం ఉంది, అది కూడా ఆ చుట్టుపక్కల వేగాలకే ఎక్కువ తూకం ఇస్తుంది. కాబట్టి నడుము నొప్పి అని ఎవరైనా అంటే ముసలితనం సాకు అనుకోవద్దండి.

ఇప్పుడు తమ్ముళ్ళ మాటకు వస్తాము. బెట్టముగిలాళం కొండ మీది ఊర్లకు బియ్యం, మందులు తీసుకుపోయేటప్పుడు అడుగున రాయి తగులుతా ఉంది, అందుకే ఎత్తు కావాల అంటారు. రాయి తగిలే మాట నిజమే, మేము కూడా ఆ సద్దు విన్నాము. కానీ తగిలేది ఎక్కడ? వెనక చక్రాల నడుమ, ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే ఇనుప బుర్రకు. మన జీపుకు ముందర ఇరుసు, వెనక ఇరుసు రెండూ ఒకే కడ్డీ మాదిరివి. ఆ బుర్ర నేలకు ఎంత ఎత్తులో ఉండాలో చెప్పేది టైరు ఒక్కటే. కమాను ఎత్తితే పైనుండే ఛాసీ లేస్తుంది, బాడీ లేస్తుంది, మేము లేస్తాము. ఇరుసు మాత్రం చక్రంతోనే ఉంటుంది. రెండు అంగుళాలు కాదు, రెండు అడుగులు ఎత్తినా రాయికీ బుర్రకూ నడుమ సందు వెంట్రుకవాసి పెరగదు.

ఎత్తుతో లాభమే లేదని మేము అనము. గుట్ట ఎక్కేటప్పుడు బండి మూతి నేలకు గుద్దుకోదు, గట్టు దాటేటప్పుడు కడుపు ఆనదు, పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది. ఈ మూడూ ఇప్పుడున్న ఎత్తులోనే మనకు ఉండాయి. కొండ దారిలో బాడీ ఆనిందని, మూతి తగిలిందని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. ఇంక రెండు అంగుళాలతో వచ్చేదేమి? కూర్చున్నవాళ్ళు నేలకు ఎంత ఎత్తులో ఉంటే బండి పక్కకు ఒరిగినప్పుడు తల అంత ఎక్కువ దూరం ఊగుతుంది. ఎక్కేటప్పుడు మోకాలు ఇంకొంచెం పైకి లేపాల. ఇప్పుడే ఒక అవ్వను ఎక్కించాలంటే ఇద్దరు పట్టాల్సి వస్తా ఉంది.

కంపెనీలవాళ్ళు ఏమి చేసినారో కూడా చూడండి. మహీంద్రావాళ్ళు 2010లో తెచ్చిన మొదటి థార్‌కు వెనక కమాన్ కట్టలే. 2020లో వచ్చిన రెండో థార్‌కు కమాన్లు తీసేసి వెనక కూడా కాయిల్ స్ప్రింగులు పెట్టినారు. ఇరుసు మాత్రం కడ్డీదే ఉంచినారు, నేలకు సందు 226 మిల్లీమీటర్లు. అడవిలో పోయే శక్తిని వదలకుండా కూర్చునేవాళ్ళ నడుమును కూడా లెక్కలోకి తీసుకున్నారు. మనం ఉల్టా దారిలో పోవడమెందుకు?

మరి ఏమి చెయ్యాల అంటారు. మొదట వెనక బెంచీవాళ్ళు వాడే మాటను చెవిన పెట్టాల. మనది ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. బండి కుదుపుకు మన దగ్గర మాటలకు కొదువ లేదు. తమిళంలో ‘తూక్కి తూక్కి పోడుదు’ అంటారు, మనం ఎగరేస్తుంది అంటాము. కొడుతుంది అనేది వేరే. ఊపుతుంది అనేది వేరే. దబ్బుమంటుంది అనేది ఇంకా వేరే. మెకానిక్కు దగ్గర మనం అన్నిటినీ కలిపి ‘బండి బాగలేదు’ అని ఒకే మాట చెప్తాము, ఆయన తన దగ్గర ఏ సామాను ఉంటే దాన్ని మారుస్తాడు. ఆయన తప్పు కాదు. డాక్టరు దగ్గరికి పోయి ఒళ్ళు బాగలేదని మాత్రం చెప్పి వచ్చినట్ల అది.

చిన్న చిన్న రాళ్ళకు కూడా టకటకమని పళ్ళు అదిరేటట్టు కొడుతుంది అంటే ముందర టైరు గాలి చూడాల. పెద్ద టైర్లు, అందులోనూ లోడు బండ్లకు చేసిన ఎక్కువ ప్లై టైర్లు, పక్క గోడలు గట్టిగా ఉంటాయి. వాటికి పంచరు షాపులో లారీ లెక్కన గాలి కొట్టేస్తారు. బండికి అంటించిన పట్టికలోని గాలి కంపెనీ టైరుకు రాసినది, మన టైరు అది కాదు. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, మట్టం రోడ్డు మీద కొంచెం దూరం నేరుగా తోలి చూడాల. నడుమ గీత మాత్రం చెరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులు మాత్రం చెరిగితే గాలి తక్కువ. అడ్డంగా సమంగా చెరిగితే ఆ బరువుకు ఆ గాలి సరి. పైసా ఖర్చు లేదు. కొండ మీద రాళ్ళ దారిలో ఇంకొన్ని పౌండ్లు దించి నిదానంగా పోవచ్చు, కానీ కిందికి వచ్చినాక, 44వ నంబరు హైవే ఎక్కే ముందర, మళ్ళీ కొట్టించాల్సిందే. తక్కువ గాలితో హైవేలో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. గాలి కొట్టే చిన్న మోటారు ఒకటి బండిలో పెట్టుకోవాల, ఎత్తు చేసే ఖర్చు ముందర అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఒక గుంతలో దిగితే ఎగరేసి, మళ్ళీ ఎగరేసి, ఇంకోసారి ఎగరేస్తుంది అంటే అది షాక్ అబ్జార్బరు పని. పోయిన నెల ఒక అవ్వ అచ్చంగా ఇదే మాట చెప్పింది, ‘ఒక గుంతకు మూడు దెబ్బలు నాయనా’ అని. స్ప్రింగు పని బరువు మోయడం, దెబ్బ తీసుకొని వంగడం. వంగినది మళ్ళీ మళ్ళీ ఎగరకుండా ఆపేది షాకు లోపల నూనె. నూనె సన్న రంధ్రాల్లో దూరి పోయేటప్పుడు ఆ ఎగురుడు వేడిగా మారిపోతుంది. అందుకే రాళ్ళ దారిలో శానా సేపు పోతే షాకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, నూనె పల్చబడి నురగ కడుతుంది, కొండ ఎక్కేసరికి బండి కింద ఉన్నదానికన్నా ఎక్కువ ఎగురుతుంది. నడుమ ఆగి చల్లారనిచ్చినా కొంత మేలు. నురగ కట్టకుండా గ్యాసు నింపిన షాకులు దీనికి మంచివి.

దబ్బుమంటుంది, ఠక్కుమంటుంది అంటే ఏదో ఒకటి చివరికంటా పోయి తగులుతా ఉందని అర్థం. ఎత్తు చేసిన బండ్లలో ఇది మామూలు. కమాను ఎత్తినారు, షాకు మాత్రం పాత పొడుగుదే ఉంచినారు అనుకోండి, బండి ఊరికే నిలబడినప్పుడే షాకు సగానికన్నా ఎక్కువ సాగిపోయి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగితే ఇంక సాగే చోటు లేక లాగి కొడుతుంది. మన బండికి షాకులు ఏ పొడుగువి వేసినారో ఎవరికీ తెలియదు, కాగితాల్లో లేదు. కొలవాల. నేల మీద నిలబడినప్పుడు ఒక కొలత. ఛాసీని స్టాండ్ల మీద గట్టిగా నిలిపి చక్రం వేలాడినప్పుడు ఇంకో కొలత. షాకును విప్పి పూర్తిగా నొక్కి ఒకటి, పూర్తిగా సాగదీసి ఒకటి. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాస్తే ఏ పొడుగు షాకు కావాలో గుమాస్తా కూడా చెప్పగలడు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరొద్దండి తమ్ముళ్ళూ, ఆ మాట మాత్రం గట్టిగా చెప్తాము.

బుష్షుల సంగతి ఎవరూ పట్టించుకోరు. కమాను చివర్లలో రబ్బరు బుష్షు ఉంటుంది, దాన్ని పట్టుకునే బోల్టు ఉంటుంది. ఎత్తు చేసేటప్పుడు బండిని పైకి లేపి, చక్రాలు వేలాడతా ఉన్నప్పుడే ఆ బోల్టులు బిగించేస్తారు. కిందికి దించితే కమాను చాచుకుంటుంది, రబ్బరు మెలి పడుతుంది, ఎప్పుడూ మెలిలోనే ఉంటుంది. అప్పుడది ఇంకో స్ప్రింగు మాదిరి అడ్డం పడుతుంది, తొందరగా చిరుగుతుంది. సరైన పద్ధతి, బోల్టులు వదులుగా పెట్టి బండిని నేలకు దించి, బరువు పడినాక, రెండు మూడుసార్లు ఊపి అప్పుడు బిగించడం. ఇది అరపూట పని. బుష్షులు మార్చాల్సి వస్తే రబ్బరువే వేయండి. రంగురంగుల గట్టి ప్లాస్టిక్ బుష్షులు పందేల బండికి బాగుంటాయి, మన నడుములకు కాదు. పట్టాల నడుమ తుప్పు పట్టి ఒకదాని మీద ఒకటి జారకపోతే కూడా కమాను కొయ్య మాదిరి బిగుసుకుంటుంది. విప్పి, తుప్పు గీకి, చివర్లలో నైలాను బిళ్ళలు పెట్టి కట్టేవాళ్ళు హొసూరులో ఉండారు. లారీలు, బైకులు పుట్టే ఊరు అది, పనివాళ్ళకు కరువు లేదు.

కడపట కమాన్లు. మా మాట ఏమంటే, చేర్చిన పట్టా తీసేయండి. బండి ఒక అంగుళమో ఎంతో దిగుతుంది. దిగనీండి. షాకిలు కూడా పాత పొడుగుకు తెస్తే స్టీరింగు కూడా బాగుపడుతుంది. షాకిలు పొడుగైతే ముందు ఇరుసు వాలు మారుతుంది, బండి నేరుగా పోకుండా దారి వెతుక్కుంటా ఉంటుంది, తోలేవాడు ఊరికే చక్రాన్ని సరిచేస్తా అలసిపోతాడు. వేగం పెరిగితే కాళ్ళ కింద నేల జుమ్మని అదిరేది కూడా ఎత్తుతో వచ్చిందే కావచ్చు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు జాయింట్ల కోణం ఎక్కువైతే అట్ల అవుతుంది. బండి కొంచెం దిగితే అదీ తగ్గుతుంది.

గార్డు పెట్టె సంగతి ఒకటి చెప్పి తీరాల. గూడ్సు బండి చివర గార్డు కూర్చునే బ్రేకువ్యాను పాతవి నాలుగు చక్రాలవి. అందులో కూర్చొని డ్యూటీ చేసిన ఏ గార్డునైనా అడగండి, నడుము మీద చెయ్యి పెట్టుకొనే జవాబు చెప్తాడు. తర్వాత ప్యాసింజరు పెట్టెల మాదిరి బోగీలతో ఎనిమిది చక్రాల బ్రేకువ్యాన్లు వచ్చినాయి. బండి మొత్తానికి అతను ఒక్కడే, అదీ చివర. అయినా రైల్వేలో పెట్టె ఎంత కుదుపుతుందని కొలిచే లెక్క ఒకటి ఉంది, రైడ్ ఇండెక్సు అంటారు. మనుషుల పెట్టెకు దాని హద్దు తక్కువ, సరుకు పెట్టెకు ఎక్కువ. మన జీపుకు ఏ హద్దు పెడదామో సంఘమే చెప్పాల. వెనక ఉండేది మనుషులా, సరుకా?

వెనక బెంచీలు సరిగ్గా ఇరుసు మీదే ఉండాయి, అందుకే ముందర సీటులో తెలియని దెబ్బ మాకు తెలుస్తుంది. బెంచీకి మెత్తటి స్పాంజి వేయిద్దామని ఒకరు అన్నారు. మంచి మనసుతో అన్నారు, కానీ మెత్తటిది ఒత్తుకుపోయి కింద పలక తగులుతుంది. గట్టి, మందం స్పాంజి కావాల. పైన పట్టుకునే కమ్మీలు ఇంకో రెండు వేయించాల. స్పీడు బ్రేకర్ల సంగతి వేరే. రోడ్డు కొలతల పుస్తకం ప్రకారం దిమ్మె 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాల, దాన్ని గంటకు 25 కిలోమీటర్లతో దాటొచ్చు. మన ఊర్లలో ఇంటి ముందర పోసుకున్న సిమెంటు గట్లకు ఆ లెక్క చెల్లదు. వాటి మీద నిలిపినట్టు పోవాల. ఆ గొడవ పంచాయితీలో పెట్టుకుందాము, ఇక్కడ వద్దు.

చట్టం మాట రెండు ముక్కల్లో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా పడేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టాన్ని మార్చినప్పుడు 182ఏ సెక్షన్ చేరింది, సొంతదారు చేసిన ఒక్కో మార్పుకు ఐదు వేల జుల్మానా, లేదా ఆరు నెలల వరకు జైలు. సొంతదారు అంటే ఇక్కడ సంఘం, సంతకం పెట్టేది కార్యదర్శి. ఇన్సూరెన్సువాళ్ళు కూడా ప్రమాదం జరిగినాకే బండి ఎత్తు కొలుస్తారు. పట్టా తీసి, కంపెనీ ఎత్తుకు దగ్గరగా తెచ్చుకుంటే మనకు రెండు విధాలా నిమ్మళం.

మీటింగులో మేము పెట్టబోయే మాట ఇది. ఎత్తు తీర్మానాన్ని పక్కన పెట్టాల. ఆ డబ్బులో ముందర గాలి మోటారు, కొలిచి తెచ్చిన షాకులు, రబ్బరు బుష్షులు, కమాన్ కట్టల పని, బెంచీ స్పాంజి. ఒకేసారి అన్నీ కాదు, ఒక్కొక్కటి చేసి, వెనక కూర్చున్నవాళ్ళను అడిగి, తర్వాత ఇంకోటి. గాలి సరిచేస్తేనే సగం తీరిందని వాళ్ళంటే అంతటితో ఆపొచ్చు.

ఓటు వేసే ముందర ఒక పని. ఎత్తు కావాలని సంతకం పెట్టిన తమ్ముళ్ళు ఆరుగురూ వెనక బెంచీల మీద కూర్చోవాల. గుడి దగ్గర నుంచి బేరికె వరకు పోయి రావాల. తోలేది మాలో ఒకరు, వేగం మీరు ఎప్పుడూ తోలే వేగమే. వచ్చినాక ఎవరు ఏ మాట వాడినారో, కొడుతుందా, ఎగరేస్తుందా, ఊపుతుందా, దబ్బుమంటుందా, పుస్తకంలో రాసుకుంటాము. ఆదివారం పొద్దున ఆరున్నరకు బండి గుడి ముందర ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాల, ఆలస్యం చెయ్యొద్దండి. సుద్దముక్క మేము తెస్తాము.